నాలుగు మిల్లీమీటర్ల కోత

పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ కారు ముక్కల్ని పెట్టె మీది బొమ్మలాగే అతికించి, రంగేసి, అద్దాల బీరువాలో పెట్టుకునేవాళ్లు ఒక రకం. రంపం తీసుకుని ముందు దాని నెత్తి కోసేవాళ్లు ఇంకో రకం. కోసి, కిటికీల పక్కనుండే పిల్లర్లలో కొంత ముక్క తీసేసి, పైకప్పుని కిందికి దించి మళ్లీ అతికిస్తారు. అమెరికాలో దీన్ని టాప్ చాప్ అంటారు. చూసేవాళ్లకి ఇది ఎత్తు తగ్గించడమే. చేసేవాళ్లకి మాత్రం కారు పై సగాన్ని మళ్లీ గీయడం. ఈ విద్య కష్టమూ విలువా రెండూ ఆ తేడాలోనే ఉన్నాయి.

దీనికి మూలం అసలు కార్లలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందే దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్ లాంటి ఎండిన సరస్సుల మీద కుర్రాళ్లు పాత ఫోర్డ్ కార్లతో వేగం పందేలు వేసుకునేవారు. గాలికి ఎదురొడ్డే ముఖం తగ్గితే వేగం పెరుగుతుందని కప్పులు కోసేవారు. యుద్ధం ముగిశాక వేగం సంగతి వెనక్కి పోయి, ఆ వాలిన రూపమే అందమైంది. కార్ల రూపం మార్చే జార్జ్, సామ్ బారిస్ అన్నదమ్ముల షెడ్డులో 1952లో బాబ్ హిరోహాటా అనే అతని కోసం తయారైన 1951 మెర్క్యురీ కారు ఆ అందానికి కొలబద్ద. దాని కప్పుని ముందు 4 అంగుళాలు, వెనక 7 అంగుళాలు దించారు. కప్పంతా ఒకే కొలతలో తగ్గించి ఉంటే నెత్తి మీద చట్టి బోర్లించినట్టుండేది. వెనక ఎక్కువ దించడం వల్లే కప్పు గీత వెనక డిక్కీలోకి జారిపోయినట్టు కనిపిస్తుంది. ఆ కారు 2022లో వేలంలో 20 లక్షల డాలర్లకు పైగా పలికింది.

ఇక బొమ్మల దగ్గరికొస్తే, అమెరికన్ కార్ల కిట్లలో ఎక్కువ భాగం 1/25 స్కేలువి. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు కాబట్టి, అసలు కారులో ఒక అంగుళం ఇక్కడ దాదాపు సరిగ్గా ఒక మిల్లీమీటరు. బారిస్ సోదరుల 4 అంగుళాలు మన చేతిలో 4 మిల్లీమీటర్లు, 7 అంటే 7. లెక్క ఇంత సుఖంగా కుదిరిందని సంబరపడేలోపే రంపం అడ్డొస్తుంది. సన్నటి రంపం కూడా కోసేటప్పుడు దాదాపు పావు మిల్లీమీటరు పొడి చేసి తినేస్తుంది. అసలు కారు కొలతలో అది పావు అంగుళం. అందుకే అనుభవజ్ఞులు మాస్కింగ్ టేపుని 4 మిల్లీమీటర్ల పట్టీగా కోసి పిల్లర్ల చుట్టూ అతికించి, టేపు అంచుకి లోపలివైపునే పై కోతా కింది కోతా పెడతారు. మిగిలిన వెంట్రుకవాసిని ఎమరీ పేపరు మీద రుద్ది సరిచేస్తారు.

అసలు చిక్కు కోతలో లేదు, అతుకులో ఉంది. 1932 ఫోర్డ్ కూపే ముందద్దం దాదాపు నిటారుగా ఉంటుంది, కాబట్టి ముక్క తీసేస్తే పై పిల్లరు కింది పిల్లరు మీద కూర్చుంటుంది. 1949 మెర్క్యురీ అలా కాదు. పిల్లరు నిటారు గీత నుంచి 30 డిగ్రీలు వెనక్కి వాలి ఉందనుకోండి. కప్పుని 4 మిల్లీమీటర్లు దించితే పై ముక్క కింది ముక్కకి 2.3 మిల్లీమీటర్లు వెనకపడుతుంది. వెనక అద్దం వైపు వాలు దీనికి ఎదురుగా, ముందుకి ఉంటుంది గనక అక్కడ ఇంకో ఎడం. పక్కలు పైకి పోయేకొద్దీ లోపలికి ఒదుగుతాయి కాబట్టి వెడల్పులోనూ తేడా. మొత్తం మీద కప్పు అన్ని వైపులా పొట్టిదైపోతుంది. అప్పుడు కప్పుని అడ్డంగా కోసి మధ్యలో ప్లాస్టిక్ పట్టీ పెట్టి పొడిగించాలి, లేదా పిల్లర్లని ఇంకా వాల్చాలి, లేదా వెనక అద్దం చట్రాన్ని విడిగా తీసి ముందుకి పడుకోబెట్టాలి. పొట్టి చేసిన చొక్కాకి జేబు కూడా మార్చాల్సొచ్చినట్టు, ఒక కోత పది కోతలకి దారితీస్తుంది. అగ్గిపుల్ల కన్నా సన్నగా ఉండే పిల్లరు జిగురొక్కదాని మీద నిలవదు. రెండు కొసల్లోనూ సూదిరంధ్రం చేసి సన్న తీగముక్క గుచ్చి అతుకుతారు. తర్వాత కిట్టులోని అద్దం పట్టదు. లోపల సీట్లూ స్టీరింగూ కిందికి దిగకపోతే డ్రైవరు తల కప్పుకి తగులుతుంది.

కంపెనీవాళ్లు కొలిచి కొలిచి చేసిన అచ్చుని పాడుచెయ్యడం ఎందుకనేది ఒక అభ్యంతరం. పాత కారు చరిత్రని ఉన్నదున్నట్టు నిలపాలనుకునేవారికి ఇది న్యాయమైన మాటే. కానీ చరిత్రలో ఫ్యాక్టరీ కారు ఎంత నిజమో, కోసిన కారూ అంతే నిజం. పైగా ఏఎంటీ అనే కిట్ల కంపెనీ 1958 నుంచే ఒకే పెట్టెలో మూడు రకాలుగా కట్టుకునే కిట్లు అమ్మి, మార్చుకోమని పిల్లల్ని తానే పిలిచింది. ఇంకో అభ్యంతరం కాస్త పదునైనది: కప్పు ముందే దించిన రెజిన్ బాడీలు దొరుకుతున్నాయి, రెవెల్ కంపెనీ అలాంటి మెర్క్యురీ కిట్టునే తెచ్చింది, మరి చేతులు కోసుకోవడం దేనికి? కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. అయితే ఆ బాడీలో ఉన్నది ఇంకొకరి కన్ను. కప్పు ఎక్కడ వాలాలో, ఎక్కడ ఆగాలో వాళ్లు తేల్చేశారు.

సొంత కన్ను ఎందుకు కావాలంటే, కొలత అబద్ధం చెబుతుంది కాబట్టి. అసలు కారుని మనం పక్కనుంచి, కంటి ఎత్తున చూస్తాం. బల్ల మీది బొమ్మని పైనుంచి చూస్తాం; కప్పు పెద్దదిగా కనిపిస్తుంది. సరిగ్గా 4 మిల్లీమీటర్లు దించిన కప్పు ఒక్కోసారి చాలదనిపించడానికి ఇదే కారణం. అక్కడే చాలామంది ఇంకో 2 మిల్లీమీటర్లు కోసి, కారుని యుద్ధట్యాంకు చేస్తారు. గెడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి చూస్తే తెలిసేది వేరు. ఎక్కువ కోయడమే గొప్పనుకునే ధోరణి ఈ రంగంలో చాలా ఉంది, నాకది నచ్చదు. మంచి చాప్ చూసినవాడు "ఇందులో ఏం మార్చారు?" అని అడగాలి.

తొలిసారి చేయాలనుకునేవారు 1932 ఫోర్డ్‌తో, 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. తీసేసిన ముక్కల్ని కారు పూర్తయ్యేదాకా ఒక డబ్బాలో దాచుకోండి; తప్పు కోత పడితే మళ్లీ పెట్టడానికి అంత సరిగ్గా కుదిరే ప్లాస్టిక్ ఇంకోటి దొరకదు.