శవాలూ, షాపింగూ

దయ్యాల సినిమాలంటే నాకు హడలు. అయినా జార్జ్ రొమేరో 1978లో తీసిన 'డాన్ ఆఫ్ ద డెడ్' రెండుసార్లు చూశాను. రెండోసారి భయం పోయి కోపం వచ్చింది.

చచ్చినవాళ్ళు లేచి బ్రతికున్నవాళ్ళని పీక్కుతింటూంటే, నలుగురు పారిపోయి ఒక షాపింగ్ మాల్‌లో తలదాచుకుంటారు. శవాలూ అక్కడికే చేరతాయి. బ్రతికున్న రోజుల్లో వాటికది ముఖ్యమైన చోటు, ఆ జ్ఞాపకం కొద్దీ వస్తున్నాయంటాడు నలుగురిలో ఒకడు. విమర్శకులు తెగ మెచ్చుకున్నది ఈ వ్యంగ్యాన్నే. కొనడం మరిగిన జనం నడిచే శవాలట!

నాకు మింగుడుపడనిది ఇదే. మాల్‌కి వెళ్ళే ప్రతి ఆడదీ కొనడానికే వెళుతుందా? మనం మాత్రం చీరల కొట్టుకి ఉత్త చేతులతో వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగి రాలేదూ! 1956లో మినియాపోలిస్ శివారున పైకప్పు వేసిన మొదటి పెద్ద మాల్‌కి రూపమిచ్చిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టినవాడు. ఊరికి దూరంగా విసిరేసినట్టున్న ఇళ్ళవాళ్ళకి నలుగురూ కలుసుకునే చోటు కావాలనుకున్నాడు. చుట్టూ ఇళ్ళు, బడి, పార్కు ఉండాలన్నాడు. డబ్బు పెట్టినవాళ్ళకి కొట్లే ముద్దొచ్చాయి. చుట్టూ కార్లు నిలిపే మైదానాలు మిగిలాయి. చివరి రోజుల్లో ఆయనే ఈ మాల్స్‌కీ నాకూ సంబంధం లేదు పొమ్మన్నాడు.

రొమేరోని పూర్తిగా తిట్టలేను, ఫ్రాన్సిన్ ఉంది గనక. మగవాళ్ళు దొరికిన సరుకు చూసి మురిసిపోతూంటే, కడుపుతో ఉన్న ఆ అమ్మాయి ఇది జైలని గ్రహిస్తుంది. హెలికాప్టర్ నడపడం నేర్పమని పట్టుబడుతుంది. చివరికి ఆ విద్యే ప్రాణం కాపాడుతుంది. లోపలున్న ఒక్కదానికి ఇంత బుద్ధి ఇచ్చినవాడు, తలుపవతల గుంపులో ఒక్కదానికైనా కాస్త మనసివ్వకూడదూ?

సినిమా తీసిన మాల్ నిజమైనదే. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లోని మన్రోవిల్‌లో 1969లో తెరిచారు. రాత్రి కొట్లు మూశాక షూటింగు జరిగేది. చచ్చినవాళ్ళు కూడా వదలని ఆ చోటికి, బ్రతికున్నవాళ్ళు రావడం తగ్గించేశారు. అమెరికాలో అవసరానికి మించి మాల్స్ కట్టారు, పెద్ద పెద్ద స్టోర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఇంట్లో కూర్చునే కొనడం అలవాటైంది. 2025లో మన్రోవిల్ మాల్‌ని వాల్‌మార్ట్ 3 కోట్ల 40 లక్షల డాలర్లకి కొన్నది, అక్కడ మరోటి కట్టే ఆలోచనతో.

అమెరికాలో చాలా మాల్స్‌లో పొద్దున్నే, కొట్లు తెరవకముందే, బయట మంచులో జారిపడతామని భయపడే ముసలమ్మలు లోపల చుట్లు కొడుతూంటారు. పైసా కొనరు. కబుర్లాడుకుంటూ, మెల్లగా, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తారు. రొమేరో శవాలదీ అదే నడక. రెండోసారి చూస్తూంటే వాళ్ళే గుర్తొచ్చారు, అందరూ నవ్వేచోట నాకు నవ్వు రాలేదు.