కుప్పంలో కొత్త విస్తరి

వారానికి ఒక పూటైనా, అంతకుముందు గడప తొక్కని చోట కూర్చుని తినాలి. బాగుందో లేదో తేల్చే ముందు, దేని పక్కన ఏది వడ్డించారో చూడాలి. కుప్పంలో నేను పెట్టుకున్న నియమం ఇంతే. పెద్ద నగరంలో ఇలాంటి పంతం పడితే చివరికి మిగిలేది హోటళ్ళ పట్టిక. కుప్పంలో మాత్రం వీధి దాటితే చట్నీ మారుతుంది, ఇంకో వీధి దాటితే సాంబారు మారుతుంది. బస్టాండు దగ్గర తెలుగులో అడిగి వేయించుకున్న ఇడ్లీకి స్టేషన్ దారిలో తమిళంలో లెక్క చెబుతారు. చిత్తూరు జిల్లా నైరుతి కొసన ఉన్న ఊరు ఇది. ఒక పక్క కర్ణాటక కోలారు జిల్లా, ఇంకో పక్క తమిళనాడు కృష్ణగిరి, తిరుపత్తూరు జిల్లాలు. మూడు వంటిళ్ళ పొగ ఒకే ఊరి మీద కమ్ముకుంటుంది.

తిండిని కవిత్వంలా చదవడం కొత్తేమీ కాదు. నాట్యంలో రసం ఎలా పుడుతుందో చెప్పవలసి వచ్చినప్పుడు భరతుడు భోజనాన్నే ఆశ్రయించాడు. రకరకాల వ్యంజనాలతో సంస్కరించిన అన్నాన్ని మంచి మనసున్నవాళ్ళు తిని ఎలా ఆనందిస్తారో, భావాభినయాలతో కూడిన స్థాయిభావాన్ని ప్రేక్షకులు అలా ఆస్వాదిస్తారని నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో అన్నాడు. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మనవాళ్ళు కవిత్వాన్ని విడదీసింది కూడా పండు తినే పద్ధతిని బట్టే. అందుకని సంగటి ముద్ద మీద రసవిమర్శ రాయడానికి నాకు సంకోచం లేదు. కొలతకర్ర అంటారా, పదకొండో శతాబ్దంలో కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు చేతికిచ్చిన ఔచిత్యం ఉంది. తగినది తగినదానితో కలిస్తేనే రసం నిలుస్తుంది. మూడు రాష్ట్రాల వంటలు పక్కపక్కనే వడ్డించే ఊళ్ళో ఇంతకంటే అక్కరకొచ్చే సూత్రం నాకు కనబడలేదు.

సంగటితోనే మొదలుపెడతాను. ఎసట్లో నూకలు పడతాయి. అవి మెత్తబడి గంజి చిక్కనవుతున్నప్పుడు రాగిపిండిని మధ్యలో గుట్టగా పోసి, కలపకుండా వదిలేస్తారు. కాసేపటికి ఆవిరి ఆ గుట్టను చీల్చుకుని పైకొస్తుంది. పొడిగా, బూడిదరంగులో ఉన్న పిండి అంచుల నుంచి తడిసి వక్కపొడి రంగులోకి దిగుతుంది. అప్పుడు గిన్నెను దించి, కదలకుండా అదిమిపట్టి, రెండు చేతులా కట్టె పట్టుకుని గెలకాలి. ఉండ కట్టకూడదు, పిండి పచ్చిగా మిగలకూడదు. ఆ గెలకడంలో భుజాల బలం కంటే వేళ తెలిసిన చెయ్యి ముఖ్యం. చివరికి చెయ్యి నీళ్ళలో ముంచి, కాలుతున్న పిండిని నాలుగు తిప్పులు తిప్పి ఆకులో వేస్తే ముద్ద మీద తడి మెరుస్తూ ఉంటుంది. మధ్యలో బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోస్తారు.

ఇదే ఊళ్ళో కోలారు వైపు వంట తెలిసిన చేతుల్లో నూకలు కనబడవు. అది ఒట్టి రాగిపిండి ముద్ద. నున్నగా, బిగువుగా, ఎక్కడా పలుకు తగలకుండా ఉంటుంది. రెండింట్లో ఏది గొప్ప అని అడిగితే, పక్కన ఏముందో చెప్పండి, చెబుతాను. నాటుకోడి పులుసుకు కన్నడ ముద్దే తగినది. ఆ నునుపు మీద మసాలా నూనె పట్టి, ముద్ద జారినంత సుఖంగా పులుసూ జారుతుంది. పప్పుకీ, ఆకుకూరకీ మన నూకల సంగటి కావాలి. ఆ పలుకుల సందుల్లో పప్పు ఇంకుతుంది. దాని బలమంతా ఆ గరుకులోనే ఉంది.

సంగటిని నమలరు. వేళ్ళతో చిన్న ముక్క తుంచి, కొంచెం నొక్కి, పులుసులో దొర్లించి మింగుతారు. నాలుక మీద రాగి రుచి ఉండీ లేనట్టుంటుంది. మింగాక వస్తుంది. కాల్చిన మట్టి వాసన, సన్నటి తీపి, దాని వెనకాలే మిరప వెచ్చదనం గొంతు వెనకనుంచి తిరిగొస్తాయి. గంట మోగి ఆగాక మిగిలే అనురణనంతో ఆలంకారికుడు ఆనందవర్ధనుడు కావ్యంలో స్ఫురించే ధ్వనిని ఎందుకు పోల్చాడో, పాఠం చదివినప్పటికంటే సంగటి మింగినప్పుడు నాకు బాగా పట్టుబడింది. ముందు ముద్ద, తర్వాత దాని మోత. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక రాగికి పట్నాల్లో కొత్త గౌరవం వచ్చింది. మంచిదే. కానీ ఆ గౌరవం పేరుతో ఒకచోట సంగటిని చిన్న గిన్నెలో అచ్చుపోసి, మీద వేయించిన జీడిపప్పు గుచ్చి తెచ్చారు. జీడిపప్పును నమలాలి, సంగటిని మింగాలి. నోటికి ఏ పని చెయ్యాలో తెలియలేదు. ఔచిత్యభంగం అంటే అది.

ఇక చట్నీ. ఇది ఎర్రనేల, వానాధారం. చెనక్కాయలకు పెట్టింది పేరు. అందుకే మన వైపు ఇడ్లీకీ దోసెకూ చెనక్కాయ చట్నీయే రాజు. విత్తనాలను ఒట్టి పెనం మీద, పొట్టు అక్కడక్కడ నల్లబడేదాకా వేయిస్తారు. ఆ నలుపుకు భయపడి ముందే దించేస్తే చట్నీ తెల్లబోతుంది. ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి కచ్చాపచ్చాగా నూరితే ఊరుబిండి. మెత్తగా నూరి జారుగా చేస్తే హోటల్ చట్నీ. సరిహద్దు దాటి తమిళనాట అడుగుపెడితే చెనక్కాయ వెనక్కి తగ్గి కొబ్బరి ముందుకొస్తుంది. కొబ్బరి, పుట్నాలు, పల్చటి జారు, పైన ఆవాల తాలింపు. కుప్పంలో చిన్న టిఫిన్ సెంటర్లలో రెండు బక్కెట్లూ పక్కపక్కనే ఉంటాయి. నా తీర్పు ఇది: ఇడ్లీకి కొబ్బరి, దోసెకు చెనక్కాయ. ఇడ్లీ మెత్తదనానికి బరువు పనికిరాదు, చల్లటి తెలుపు చాలు. దోసెకు ఎర్రగా కాలిన అంచు ఉంది, దానికి ఎదురు నిలిచే వేపుడు వాసన కావాలి.

దోసెలో కూడా ఇక్కడ ఎవరి మార్గం వారిది. తమిళ పద్ధతిలో పల్చగా, కాగితంలా, చుట్ట చుట్టి ఇచ్చేది ఒకటి. కర్ణాటకలో ముళబాగిలు దోసెకు ఉన్న పేరు తెలిసిందే. చిన్నది, మందం, నెయ్యి ధారాళం. అంచు కరకరలాడుతుంది, నడుమ దూదిలా ఉంటుంది. ముళబాగిలు మనకు పక్కూరు లాంటిదే కాబట్టి ఆ తోవలో నడిచే పెనాలు కుప్పంలోనూ ఉన్నాయి. మూడోది మన రాయలసీమ ఎర్రకారం దోసె. తెల్లగడ్డ, ఎండుమిరప నూరిన కారాన్ని పెనం మీదే, దోసె కాలుతుండగానే పులుముతారు. ఆ పులిమే క్షణం చూడవలసిందే. పిండి పై తడి ఆరీ ఆరకముందు గరిటె వెనకభాగంతో నడుమనుంచి బయటికి తిప్పాలి. ముందు తిప్పితే పిండి లేచొస్తుంది, ఆలస్యమైతే కారం పట్టదు. పదునెక్కిన పెనం, దాని వెనక నిలబడ్డ మనిషి, ఇద్దరికీ ఆ క్షణం కంఠతా వచ్చు.

కొత్తచోట తినడంలో ఉన్న సుఖం ఇక్కడే. అలవాటైన హోటల్లో మనం నిన్నటి రుచినే తింటాం. నాలుక తినకముందే మనసు తినేసి ఉంటుంది. కొత్త బల్ల ముందు కూర్చుంటే ఆ సౌకర్యం ఉండదు. ఉప్పు ఎక్కువా తక్కువా, పులుపు చింతపండుదా టమాటాదా, నూనె ఏది, ప్రతిదీ మొదటినుంచి వినాలి. సహృదయుడు కావడమంటే ఆ వినడమే అని నేను నమ్ముతాను. వినేవాడికి వంటవాళ్ళూ పెడతారు. ఒక మధ్యాహ్నం భోజనాల మెస్సులో ఆలస్యంగా కూర్చుంటే, వడ్డించే పెద్దావిడ నా ఆకు వైపు చూసి, "పప్పు అయిపోయింది సామీ, పులుసు పోసేదా?" అంది. ఆ పులుసు వాళ్ళు తమ కోసం దాచుకున్నది. చింతపండు, ఉల్లిగడ్డ, కాల్చిన ఎండుమిరప చేత్తో పిసికిన పచ్చిపులుసు. పొయ్యి ఎక్కని పులుసు అది. ఉల్లి ఇంకా పచ్చిగా కరకరలాడుతూ, కాలిన మిరప పొగ వాసన పులుపు కింద దాక్కుని ఉంది. ఊళ్ళో నేను తిన్న గొప్ప వంటల్లో దానికి చోటు ఉంది.

రాత్రి అయితే ఊరు తమిళం వైపు వాలుతుంది. పరోటా బండ్ల దగ్గర పిండిముద్దను కొట్టి, విసిరి, పొరగా సాగదీసి, చుట్ట చుట్టి కాలుస్తారు. అసలు విద్య దించాక ఉంది. నాలుగైదు పరోటాలు ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండు అరచేతులతో పక్కలనుంచి చరుస్తారు. ఆ చరుపుకి పొరలు విచ్చుకుంటాయి. ఆ సందుల్లోకి సాల్నా, అంటే పల్చటి మసాలా పులుసు, దిగాలి. చిక్కటి కుర్మా పోస్తే పైనే నిలిచిపోతుంది. జారుగా ఉండే సాల్నాయే పరోటాకు తగినది.

బెంగళూరును మద్రాసుతో కలిపిన రైలుమార్గం 1864 నాటిది. కుప్పం ఆ దారి మీదే ఉంది. రోజూ తెల్లవారుజామున క్యారియర్లు పట్టుకుని బెంగళూరు పనులకు పోయేవాళ్ళు ఈ రైళ్ళలోనే పోతారు. ఇదే పట్టాల మీద చెన్నై వైపు దిగితే జోలార్‌పేట దాటాక వాణియంబాడి, ఆంబూరు వస్తాయి. ఆంబూరు బిర్యానీ ఆ దారిలోనే కుప్పం చేరి ఉండాలి. చిట్టి గింజల జీరక సాంబ బియ్యం, మన హైదరాబాదు బిర్యానీకి ఉన్నంత ఘాటు మసాలా లేని నెమ్మది. పక్కన పెరుగుపచ్చడి, పుల్లటి వంకాయ కూర. బిర్యానీకి వంకాయ ఏమిటని మొదటిసారి తినేవాళ్ళు అనుకుంటారు. మాంసం కొవ్వును ఆ చింతపులుసు వంకాయ కోసేస్తుంది, మళ్ళీ ఆకలి పుట్టిస్తుంది. దానికంటే తగిన జోడీ నాకు తెలియదు.

ఆకలి ఊరు దాటితే 42వ నంబరు జాతీయ రహదారి ఎటూ ఉంది. కృష్ణగిరి నుంచి కుప్పం, పలమనేరు మీదుగా పుంగనూరు, మదనపల్లె దాకా అదే దారి. పుంగనూరులో ఎవరికైనా పుంగనూరు ఆవు పాలతో కాఫీ తాగాలనిపిస్తుంది. ఆ చిన్ని ఆవు పాలలో వెన్న ఎక్కువని ప్రసిద్ధి. కానీ అవి ఇచ్చేదే కొద్ది పాలు, ఆ జాతి ఆవులూ కొద్దే. హోటల్ కాఫీలో ఆ పాలు ఆశించకూడదు. మదనపల్లెలో టమాటా మార్కెట్ ఉంది. వేలం సాగే వేళ అక్కడి గాలికే పులుపు ఉంటుంది. 2023 జూలైలో ఇదే మార్కెట్లో ధర ఆకాశాన్నంటి దేశమంతా వార్త అయింది. ఆ ఊరి టిఫిన్ సెంటర్లలో టమాటా చట్నీకి మిగతాచోట్లలా చక్కెర తీపి ఉండదు. పండిన పులుపే ముందు నిలబడుతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, చలికాలం పితికిపప్పు ఒక ఎత్తు. మార్గశిరం దాటి మంచు పడటం మొదలైతే అనపకాయకు వాసన వస్తుందంటారు. సంతలో గంపలు గంపలుగా దిగుతుంది. ఒలిచిన గింజల్ని రాత్రంతా నానబెడతారు. తెల్లారి ఒక్కో గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే, తోలు వేళ్ళలో మిగిలి, పచ్చటి బద్ద ఎగిరి గిన్నెలో పడుతుంది. శేరు పప్పు కావాలంటే ఇల్లంతా కూర్చోవాలి. హోటల్లోనైతే యజమాని తల్లో, అత్తో, తీరిక దొరికిన పనివాడో పితుకుతూ కనబడతారు. కొబ్బరి, ధనియాలు, ఎండుమిరప, అల్లం, తెల్లగడ్డ, గసగసాలు నూరి వేసి ఉడికిస్తే ఆ పులుసు చిక్కబడుతుంది, పప్పు మాత్రం కరగదు. పైకి నిలబడి, లోపల వెన్నలా ఉంటుంది. ఆ పచ్చి వాసనలో నూనెతనమూ, చలి ఉదయపు తడీ ఉన్నాయి. మసాలా దాన్ని కప్పదు, ఎత్తి చూపిస్తుంది. కప్పేస్తే ఆ వంటవాడికి పితికిపప్పు తెలియదన్నమాటే. దోసెతో తింటారు, ఇడ్లీతో తింటారు, అన్నంతోనూ తింటారు. నూకల సంగటితో తిన్నప్పుడే అది పూర్తవుతుంది. మింగిన సంగటి మోతలో అనప వాసన కలిసి తిరిగొస్తుంది. ఈ నేల ఇచ్చిన రెండు పంటలూ ఒక్క ముద్దలో కలిసిన చోటు అది. ఈ మూడు సరిహద్దుల వంటల్లో దాన్ని మించింది నేను తినలేదు.

కుప్పం రావాలనుకుంటే సంక్రాంతికి ముందు రండి. దిగగానే పేరున్న హోటల్ ఎక్కడని అడగకండి. చిన్నచోట్ల బోర్డు మీద పితికిపప్పు రాసి ఉండకపోవచ్చు. లోపలికి వెళ్ళి, ఈ పొద్దు ఏం చేసుండారమ్మా అని అడగండి. ఉందంటే, సంగటి రెండు ముద్దలని ముందే చెప్పి కూర్చోండి.