ఆశువుకు ఒకటి, ప్రబంధానికి ఒకటి

2021 ఫిబ్రవరిలో, వారం తిరక్కుండానే, రెండు వీడియో కెమెరాలు బయటికొచ్చాయి. ఒకటి సోనీ ఎఫ్‌ఎక్స్3. రెండోది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ వారి పాకెట్ సినిమా కెమెరా 6కె ప్రో. అప్పటి ధర మొదటిదానికి 3,899 డాలర్లు, రెండోదానికి 2,495. వీడియో తీసి సంపాదించాలని కాక, తీయడంలో ఉన్న ఆనందం కోసమే ఇంత డబ్బు పెట్టబోయే మనిషిని ఎటూ తేల్చుకోనివ్వని జత ఇది. నన్నూ తేల్చుకోనివ్వలేదు. చివరికి హైదరాబాద్ కృష్ణానగర్‌లో రెండింటినీ ఒకేసారి అద్దెకు తీసుకుని నాలుగు రోజులు వాడాను. రెండింటిమీదా సమానంగా మనసు పడ్డవాడిగా ఇది రాస్తున్నాను.

సోనీ మన ఇళ్లకు కొత్త కాదు. హ్యాండీక్యామ్ అన్నది ఆ సంస్థ తన సరుకుకు పెట్టుకున్న పేరే అయినా, చేతిలో పట్టే ప్రతి వీడియో కెమెరానూ మనం అలాగే పిలిచాం. 1995లో వచ్చిన వీఎక్స్1000 మూడు సీసీడీలతో, మినీ డీవీ టేపుతో, ఫైర్‌వైర్ తీగతో ఔత్సాహికుణ్ణి టీవీ వాళ్ల దరిదాపులకు తీసుకెళ్లింది. ఆ వంశానిది ఒకటే పట్టుదల: కళ్లెదుట జరుగుతున్నది మళ్లీ జరగదు, ఇప్పుడే పట్టాలి. పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే ఘడియను ఇంకోసారి చేయించలేం కదా. ఎఫ్‌ఎక్స్3లోని సదుపాయాలన్నీ ఆ పట్టుదలలోంచే పుట్టాయి. మనిషి కన్ను ఎక్కడుందో తనే వెతికి ఫోకస్ నిలుపుతుంది. చెయ్యి వణికితే లోపల సెన్సరే కదిలి సర్దుకుంటుంది. బ్యాటరీ, కార్డుతో కలిపినా 715 గ్రాములే.

బ్లాక్‌మ్యాజిక్ వంశం వేరు. అది ఫిల్మ్ నెగెటివ్‌కు, ల్యాబ్‌కు చుట్టం. టెలిసినీ గదుల్లో రంగులు దిద్దే డావించి యంత్రాలు ఒకప్పుడు పెద్ద స్టూడియోలకే అందేవి. వాటిని చేసే సంస్థను బ్లాక్‌మ్యాజిక్ 2009లో కొన్నది. తన మొదటి సినిమా కెమెరాను తెచ్చింది 2012లో. అంటే రంగులు దిద్దే బల్ల ముందు చేతికొచ్చింది, ఆ బల్లకు బొమ్మలు పంపే కెమెరా తర్వాత వచ్చింది. ఈ వరుస గుర్తుంటే 6కె ప్రో స్వభావమంతా బోధపడుతుంది. కదిలే మనిషిని వెంబడించే ఫోకస్ దీనికి లేదు. మీట నొక్కితే ఒకసారి సరిచేసి ఊరుకుంటుంది. సెన్సర్ కదలదు. కానీ బ్లాక్‌మ్యాజిక్ రా ఫైలులో వైట్ బ్యాలెన్స్‌ను, ఒక హద్దు వరకు ఐఎస్ఓను కూడా, ఇంటికెళ్లాక తీరిగ్గా మార్చుకోవచ్చు. అందుకే రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ డావించి రిజాల్వ్ స్టూడియో లైసెన్సు కెమెరాతోపాటే వస్తుంది.

అష్టావధానంలో సమస్య ఇచ్చిన చోటే పూరణ జరగాలి. ఇంటికెళ్లి ఆలోచించుకుని వస్తానని అవధాని అనలేడు. ప్రబంధకవి అలా కాదు. పద్యం చెరిపేస్తాడు, విశేషణం మారుస్తాడు, వర్ణన పొడిగిస్తాడు. ఎఫ్‌ఎక్స్3 అవధానివైపు నిలబడితే, 6కె ప్రో ప్రబంధకవి పక్కన కూర్చుంటుంది. మెగాపిక్సెళ్ల లెక్కలకంటే నాకు ఈ తేడానే పెద్దదిగా కనిపిస్తుంది. నిర్ణయాలు తీసేటప్పుడే అయిపోవాలా, తీశాక మొదలవ్వాలా? సంతోషం ఏ గంటలో ఉందో కొనేవాడికి తెలిసి ఉండాలి.

ఈ మాట నాకు అనంతపురం సీమలోని నిమ్మలకుంటలో తెలిసొచ్చింది. తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు అది. ఒక రాత్రి లంకాదహనం ఆడారు. తెల్లటి తెర, వెనక బల్బు, తెరకు అదిమిపట్టిన బొమ్మలు. ఒకప్పుడు ఆ వెలుగు ఆముదం దీపాలది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు మినుకు బొమ్మలో పడకుండా రెండు కెమెరాలనూ 25 ఫ్రేములకు, షట్టరును 1/50కి పెట్టి పక్కపక్కన నిలబెట్టాను.

తెర ఒకే తలం. హనుమంతుడు ఎగిరినా, లంక తగలబడినా అంతా ఆ గుడ్డమీదే. ఒకసారి చేత్తో ఫోకస్ పెట్టి వదిలేస్తే ఆట ముగిసేదాకా ముట్టుకోనక్కర్లేదు. బ్లాక్‌మ్యాజిక్‌కు లేని ఆటోఫోకస్ అక్కడ ఎవరికీ గుర్తురాదు. పైగా తోలులోంచి వడగట్టుకుని వచ్చే ఎరుపు, ఆకుపచ్చ బల్బు పసుపుతో కలిసి కంటికి ఒకలా, సెన్సర్‌కు ఒకలా తోస్తాయి. సరైన ఎరుపు ఏదో ఆ రాత్రి నాకు తెలియదు. సోనీలో ఊహించి వైట్ బ్యాలెన్స్ పెట్టి, ఆ ఊహకు కట్టుబడిపోయాను. బ్లాక్‌మ్యాజిక్ ఆ తీర్పు వాయిదా వేసుకోనిచ్చింది.

ఇక కెమెరాలను జనంవైపు తిప్పాను. తెర దాటి వచ్చిన వెలుగు ముందు వరస పిల్లల ముఖాలమీద సన్నగా ఆడుతోంది, వెనకంతా చీకటి. ఎఫ్‌ఎక్స్3కి ఎస్-లాగ్3లో రెండు మూల ఐఎస్ఓలు: 800, 12,800. ఆ రెండోదానికి మార్చగానే చీకట్లో కూర్చున్న ముసలమ్మ చెంప, ఆమె ఒళ్లో నిద్రలోకి జారుతున్న పిల్ల, అన్నీ బయటపడ్డాయి. పిల్లలు లేచి పరుగెత్తితే ఫోకస్ వాళ్ల కళ్లను వదల్లేదు. 6కె ప్రోకూ రెండు మూలాలున్నాయి, కానీ అవి 400, 3,200. అక్కడ ఆ ముఖాలు గరుకు చుక్కల్లో మునిగిపోయాయి. ఒకే తెరకు ఇటు ఒకటి నెగ్గింది, అటు ఇంకొకటి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఈ లెక్క తారుమారైంది. 1/50 షట్టరు దగ్గర రాయలసీమ ఎండ సెన్సర్‌ను తెల్లగా కాల్చేస్తుంది, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదు. 6కె ప్రోలో 2, 4, 6 స్టాపుల ఫిల్టర్లు లోపలే ఉన్నాయి, మీట నొక్కితే దిగుతాయి. ఎఫ్‌ఎక్స్3కి ఫిల్టర్ విడిగా కొని లెన్సు ముందు బిగించుకోవాలి. తొందరపాటు కెమెరా ఆగి సర్దుకుంటుంటే, నిదానపు కెమెరా తీయడం మొదలుపెట్టేసింది. అయిదంగుళాల దాని తెర ఎండలోనూ చదవగలిగినంత కాంతిగా ఉంటుంది. సోనీ మూడంగుళాల తెరకు చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది.

డబ్బు సంగతి. ధరల్లో తేడా చూసి బ్లాక్‌మ్యాజిక్ చౌక అనుకోవడం తొందరే. సోనీ 4కె, సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున, గంటకు 45 జీబీ తీసుకుంటుంది. 6కె రా అంతకంటే చాలా ఎక్కువ తీసుకుంటుంది. ప్రబంధం రాయాలంటే తాళపత్రాలు ఎక్కువ కావాలి మరి. అయితే ఆ రా ఫైళ్లను యూఎస్‌బీ తీగతో మామూలు ఎస్ఎస్‌డీలోకే నేరుగా రికార్డు చేసుకోవచ్చు, పాత కానన్ ఈఎఫ్ లెన్సులు సెకండ్‌హ్యాండ్‌లో కొని నేరుగా బిగించుకోవచ్చు. ట్రైపాడ్, మైకు, అదనపు బ్యాటరీలు రెండింటికీ సమానమే. ఏది కొన్నా ఇక్కడి వారంటీ ఉన్న సరుకే బిల్లుతో కొనండి. 2019 జనవరిలో వీడియో కెమెరాలమీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు లేకుండా మిగుల్చుకునేది ఇప్పుడు మునుపటంత లేదు, పోగొట్టుకునేది మాత్రం అంతే ఉంది.

ఇంత విడివిడిగా చెప్పానుగానీ, ఈ రెండూ ఒకదాని ఇంట్లోకి ఇంకొకటి తొంగిచూస్తూనే ఉంటాయి. ఎఫ్‌ఎక్స్3 హెచ్‌డీఎంఐ తీగ గుండా బయటి రికార్డరుకు రా పంపగలదు. గారెత్ ఎడ్వర్డ్స్ 2023 సినిమా ది క్రియేటర్‌ను ప్రధానంగా ఈ కెమెరామీదే తీశారు. చీకట్లోనూ చురుగ్గా తిరిగి తీసిన బొమ్మల్ని తర్వాత నెలల తరబడి చెక్కారు. అటు బ్లాక్‌మ్యాజిక్‌లో రా బదులు ప్రోరెస్ ఎంచుకుని, నచ్చిన రంగు అప్పుడే అద్ది తీసేయవచ్చు. ఊరూరా అవధానాలు చేసిన తిరుపతి వేంకటకవులే కూర్చుని పాండవోద్యోగ విజయాలు రాశారు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనడానికి నాకు నోరు రాదు.

ఆట ముగిసిన రాత్రే సోనీ కార్డును లాప్‌టాప్‌లో పెట్టి బొమ్మలాడించిన పెద్దాయనకు చూపించాను. ఆయన హనుమంతుణ్ణి చూడలేదు. "మా మనవరాలు సామీ, నిద్రపోయింది సూడు" అన్నాడు. ఆయన తెర వెనకుండే మనిషి, తన ఆట చూసే ముఖాలను అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండడు. మూడు వారాల తర్వాత రంగులు దిద్దిన బ్లాక్‌మ్యాజిక్ బొమ్మ పట్టుకుని మళ్లీ వెళ్లాను. రావణుడి పది తలల దగ్గర ఆపమన్నాడు. తెరకు బాగా దగ్గరగా వంగి చూశాడు. "ఇంకొంచెం నలుపు కలపల్ల" అని, లోపలికెళ్లి అసలు బొమ్మను తెచ్చి కిటికీ వెలుగులో ఎత్తి పట్టుకున్నాడు. నేను రిజాల్వ్ తెరిచి, ఆయన చెప్పినట్టు ఎరుపును దించుతూ కూర్చున్నాను.