మీట తిప్పితే లేచే సిల్వర్ ఘోస్ట్

సెల్ఫ్ మోటారు లేదు. ముందుకు వెళ్లి హ్యాండిల్ కొట్టినవాడూ లేడు. డ్రైవరు సీట్లో కూర్చునే ఇగ్నిషన్ మీట తిప్పాడు. ఏడు లీటర్ల ఇంజను చప్పుడు చేయకుండా లేచి తిరగడం మొదలుపెట్టింది. మంచి చేతిలో పెరిగిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కాస్త వేడి మీద ఉంటే చాలు, నూరేళ్లు దాటినా ఇప్పటికీ ఇలాగే లేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు బానెట్ కింద ఏదో దాచారనుకుంటారు. అక్కడ దాచిందేమీ లేదు. ఇంజనును ఆపేటప్పుడు ఇగ్నిషన్ కట్టేసి, అది తిరుగుతూ తిరుగుతూ ఆగేలోపు కాస్త పెట్రోలు ఆవిరిని లోపలికి లాగనిస్తారు. సిలిండర్లు ఆరు కాబట్టి వాటిలో ఏదో ఒకటి పిస్టన్‌ను కిందికి తోయడానికి సిద్ధంగా ఉన్నచోట ఆగుతుంది. మళ్లీ మీట తిప్పగానే ట్రెంబ్లర్ కాయిల్ ఎడతెరిపి లేకుండా నిప్పురవ్వలు రాలుస్తుంది. లోపల మిగిలిన ఆవిరి అంటుకుంటుంది, బండి లేస్తుంది. రింగులూ వాల్వులూ బిగువుగా ఉంటేనే ఆ ఆవిరి నిలుస్తుంది. అందుకే ఈ బండిని కొనేవాడు ముందు అడగవలసిన ప్రశ్న ‘మీట మీద లేస్తుందా?’ అనే. రంగు సంగతి తర్వాత.

ఈ పనితనం హెన్రీ రాయిస్‌ది. చదువు సగంలో ఆగిపోయి, రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకుని, మాంచెస్టర్ కుక్ స్ట్రీట్‌లో క్రేన్లు, డైనమోలు చేసుకుంటూ బతికిన మనిషి. కార్లు అమ్మే చార్లెస్ రోల్స్‌తో 1904లో కలిశాడు. మిగతా చరిత్ర ఎక్కడైనా దొరుకుతుంది. నాకు కావలసింది ఆయన చేతి పని. ఆ రోజుల్లో ఆరు సిలిండర్ల ఇంజనంటే అందరికీ భయం. పొడవాటి క్రాంక్ షాఫ్ట్ ఒక వేగం దగ్గర వణుకు పట్టుకుని, చివరికి విరిగేది. రాయిస్ సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోత పోయించాడు. ముందు మూడింటికి వెనక మూడూ అద్దంలో బొమ్మలా అమర్చాడు. క్రాంక్‌ను బాగా లావు చేసి ఏడు బేరింగుల మీద పడుకోబెట్టాడు. బేరింగులకు నూనెను ఒత్తిడితో పంపాడు. వణుకు పోయింది. రేడియేటరు మూత మీద నాణేన్ని అంచు మీద నిలబెట్టి, ఇంజను నడుస్తుండగానే అది పడకుండా చూపించే ముచ్చట ఈ బండితో ముడిపడిందే.

ఛాసిస్ కింద దూరి చూసే అవకాశం ఎవరికైనా వస్తే బోల్టులను చూడమంటాను. ఎర్రగా కాల్చి కొట్టిన రివెట్ చల్లారాక రంధ్రాన్ని పూర్తిగా నింపదని రాయిస్ నమ్మకం. అందుకని రంధ్రాలను చేత్తో రీమర్ పెట్టి కొద్దిగా టేపరుగా తీయించి, అదే వాలులో టేపరు బోల్టులు చేయించి, నట్టు బిగిస్తే గోడలకు ఒరుసుకుని కూర్చునేలా చేశాడు. బురదలో, ఎవరి కంటా పడని చోట ఉండే బోల్టుకు ఇంత పని! మన షెడ్డుల్లో సరిపోని రంధ్రంలో సన్న బోల్టు వేసి, కింద రెండు వాషర్లు పెట్టి సర్దేసే దృశ్యం చూసి చూసి అలవాటుపడ్డ కళ్లకు ఇది నమ్మశక్యం కాదు.

బండి నిజంగా నిలబడుతుందని లోకానికి చూపించినవాడు మాత్రం కంపెనీ వ్యవహారాలు చూసిన క్లాడ్ జాన్సన్. ఒక ఛాసిస్ మీద బార్కర్ కంపెనీ చేసిన టూరర్ బాడీ కట్టించి, దానికి అల్యూమినియం రంగు వేయించి, దీపాలకూ పిడులకూ వెండి పూత పెట్టించి, ‘ది సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పలక తగిలించాడు. నంబరు ఏఎక్స్ 201. 1907లో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకులను ఎక్కించుకుని లండన్, గ్లాస్గోల మధ్య రాత్రీపగలూ తిప్పారు. 629 మైళ్ల దగ్గర పెట్రోలు కుళాయి అదురుకు తనంతట తాను మూసుకుపోయి బండి ఒకసారి ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్లు తనంతట తాను ఆగలేదు. 15,000 మైళ్ల పరీక్ష ముగిశాక విడదీసి చూసి, కొత్తదానిలా చేయడానికి మార్చిన భాగాల ఖర్చు 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్సులని లెక్క తేల్చారు. అసలు మోడల్ పేరు 40/50 హార్స్ పవర్. ఈ ఒక్క బండి కీర్తి వల్ల జనం మొత్తం మోడల్‌నే సిల్వర్ ఘోస్ట్ అన్నారు. 1906 నుంచి 1926 దాకా, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైనవి కలుపుకుని, 7,874 బండ్లు వచ్చాయి.

1911లో ఎర్నెస్ట్ హైవ్స్ ఒక ఘోస్ట్‌ను లండన్ నుంచి ఎడిన్‌బరోకు పూర్తిగా టాప్ గేరులోనే నడిపి, గ్యాలనుకు 24 మైళ్లకు పైగా రాబట్టాడు. అదే బండి బ్రూక్‌లాండ్స్ ట్రాకు మీద గంటకు 78 మైళ్లు దాటింది. ఆ తర్వాతి ఏడాది మాత్రం పరువు పోయింది. ఆల్ప్స్ పరీక్షలో జేమ్స్ రాడ్లీ నడిపిన ఘోస్ట్ కాట్ష్‌బర్గ్ కనుమ ఎక్కలేక నిలబడిపోయింది. మూడు గేర్లే ఉండటం దాని లోపం. కంపెనీ సాకులు వెతకలేదు. నాలుగు గేర్ల పెట్టె పెట్టి, 1913లో జట్టుగా వెళ్లి అదే ఆల్ప్స్‌లో అందరినీ వెనక్కి నెట్టి వచ్చింది. లెనిన్ దగ్గర కూడా ఒక ఘోస్ట్ ఉండేది, మంచులో నడవడానికి వెనక చక్రాల బదులు ట్యాంకు తరహా పట్టాలు వేయించుకున్నాడు. బూర్జువా బండే కావచ్చు, నమ్మకమైన బండి కావాలంటే ఆయనకూ దిక్కు ఇదే.

హిస్పానో సూయిజా కార్ల భక్తులు ఈపాటికి పళ్లు నూరుతుంటారు. బ్రేకుల విషయంలో వాళ్లదే పైచేయి, ఒప్పుకుంటాను. హిస్పానో 1919లోనే నాలుగు చక్రాలకూ బ్రేకులు ఇస్తే, మా ఘోస్ట్ చాలా ఏళ్లు వెనక చక్రాల బ్రేకులతోనే సరిపెట్టుకుంది. నిశ్శబ్దం దగ్గర మాత్రం వాళ్లు మాట్లాడకుంటే మంచిది.

రాయిస్ అమ్మింది ఛాసిస్‌నే. బాడీ కట్టించుకోవడం కొన్నవాడి పని. లండన్‌లో గుర్రపు బగ్గీలు కట్టిన బార్కర్, హూపర్ లాంటి పాత కంపెనీలే ఈ పనికీ దిగాయి. ముందుగా యాష్ చెక్క. అది సాగుతుంది, వంగుతుంది, తొందరగా చీలదు. దాన్ని కోసి, అవసరమైనచోట ఆవిరి పట్టి వంచి, కూసాలు అతికి పంజరం కడతారు. దాని మీద అల్యూమినియం రేకు. ఇసుక సంచి మీద రేకును పెట్టి చెక్క సుత్తితో గుంట పడేలా కొడతారు, తర్వాత వీలింగ్ మెషిన్‌లోకి పంపిస్తారు. పైన ఒక పెద్ద చదునైన చక్రం, కింద గుండ్రటి చిన్న చక్రం. రెండింటి మధ్య రేకును ముందుకూ వెనక్కూ జరుపుతుంటే సుత్తి దెబ్బల గుర్తులు మాయమై వంపు తేరుతుంది. కొలత బల్ల మీద లేదు, అరచేతిలో ఉంది. కళ్లు మూసుకుని చెయ్యి రుద్దితే ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లమో పనివాడికి తెలుస్తుంది. మడ్‌గార్డు ముందు నుంచి ఫుట్‌బోర్డు దాకా దిగే వంపును ఎండలో పక్క నుంచి చూడండి. వెలుగు గీత ఎక్కడా విరగకుండా జారితే మంచి చెయ్యి. మధ్యలో అలలా ఊగితే, ఎవడో ఆ తర్వాత లప్పం నింపాడని అర్థం.

రంగు పొరలు పొరలుగా వేసి, ప్రతి పొరనూ రాతిపొడితో నీళ్లు పోసి రుద్ది, పైన వార్నిష్ ఇస్తారు. చివరగా నడుము పొడవునా సన్నగీత. పొడవాటి వెంట్రుకల కుంచెతో, టేపు అంటించకుండా, ఒక్క ఊపులో లాగాలి. సంక్రాంతికి పెద్ద ముగ్గు వేసే ఇల్లాలు చెయ్యి ఎత్తకుండా పిండి జార్చే తీరే ఇది. నేటి రోల్స్ రాయిస్ గుడ్‌వుడ్ ఫ్యాక్టరీలో మార్క్ కోర్ట్ ఈ గీతను చేత్తోనే లాగి పేరు తెచ్చుకున్నాడు. కొత్త కంపెనీలో నేను మెచ్చుకునే పని ఇదొక్కటే.

రేడియేటరు మీది బొమ్మ చార్లెస్ సైక్స్ చెక్కింది, 1911 నాటిది. ఎలియనార్ థార్న్‌టన్ అనే యువతి దానికి నమూనా అంటారు. ఆమె 1915లో ఎస్ఎస్ పర్షియా ఓడ మునిగినప్పుడు పోయింది.

చేత్తో బాడీ కట్టే ఈ విద్యను చంపింది పేదరికం కాదు, అచ్చు. 1946 నుంచి ఫ్యాక్టరీయే ప్రెస్సులో గుద్దిన స్టీలు రేకుల బాడీలతో బండ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందే, 1938లో బార్కర్ హూపర్‌లో కలిసిపోయింది. ఆ హూపర్ కూడా 1959లో బాడీలు కట్టడం మానేసింది. 1961లో ముల్లినర్, పార్క్ వార్డ్ అనే బాడీ కంపెనీలు ఒక్కటయ్యాయి. 1965లో సిల్వర్ షాడో వచ్చింది. దానికి విడి ఛాసిస్సే లేదు. ఛాసిస్ లేనప్పుడు బాడీ కట్టేవాడు దేనిమీద కడతాడు?

దీనికంటే నాకు మంట పుట్టించేది వేరే ఉంది. పాత రోల్స్‌ల మీద బార్కర్, హూపర్ కట్టిన నాలుగు తలుపుల బాడీలను ‘ముసలి బండి’ అని పీకేసి, వాటి స్థానంలో పడవ తోక ఉన్న టూరర్ బాడీలు కొత్తగా కట్టించి ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. ఎనభై ఏళ్లు బతికిన యాష్ పంజరాలు పొయ్యిలోకి పోయాయి. పోటీల్లో బహుమతికని అసలు తోలు సీట్లు చింపి, కర్మాగారంలో కూడా లేనంత మెరుపు తెప్పించి, తర్వాత ట్రైలరు మీదే మోసుకు తిరిగే యజమానులు ఇంకొక రకం. బండి మీద గీత పడుతుందని రోడ్డెక్కించరు. రాయిస్ చేసింది పద్నాలుగు వేల మైళ్లు ఆగకుండా పోయే యంత్రం, షోకేసు బొమ్మ కాదు.

ఇక మన ఊళ్ల సంగతి. పెళ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చే ‘వింటేజ్ కార్లు’ చూశారు కదా? పాత జీపు ఛాసిస్, పైన ఫైబర్ బాడీ, రెక్సిన్ సీట్లు, ముందు సైక్స్ బొమ్మను పోలిన ఏదో ప్లాస్టిక్ బొమ్మ. వరుడు అందులో ఎక్కడంలో తప్పులేదు, దాన్ని ‘రోల్స్’ అని చెప్పి డబ్బు గుంజడమే తప్పు. అంతకన్నా ఘోరం నిజమైన పాత బండికి పెట్రోలు ఖర్చని అసలు ఇంజను తీసి తుక్కుకు వేసి, డీజిల్ ఇంజను దింపడం. ఆ పని చేసినవాణ్ణి మెకానిక్ అనడానికి నాకు నోరు రాదు.

అసలుది ఎలా ఉంటుందో తెలియాలంటే హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లాలి. నిజాముల 1912 నాటి పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. బాడీ బార్కర్‌ది. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో ఆర్డరు పెట్టారని, ఆయన 1911లో పోవడంతో బండి ఏడో నిజాం చేతికి వచ్చిందని చెబుతారు. సంస్థానాధీశుడొకడు అవమానం తట్టుకోలేక రోల్స్‌లను చెత్త ఎత్తడానికి వాడించాడని ఒక కథ తిరుగుతుంటుంది. కొందరు అల్వార్ రాజు అంటారు, మనవాళ్లు నిజాం అంటారు. ఆధారం మాత్రం ఎవరూ చూపరు. ఆ కథను వదిలేసి, అద్దం పెట్టెకు దగ్గరగా నిలబడి ఆ మడ్‌గార్డు వంపు చూడండి.

కేంద్ర ప్రభుత్వం 2021లో పాత బండ్లకు విడిగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు రుసుము. రోజువారీ తిరగడానికీ, అద్దెకూ వాడకూడదు. అద్దె మాట చదివి పెళ్లిళ్ల వ్యాపారులు గొణుగుతారేమో, గొణగనివ్వండి.

తాతల నాటి బండి ఏదైనా మీ ఇంటి షెడ్డులో టార్పాలిన్ కింద ఉంటే, అది రోల్సే కానక్కర్లేదు, మోరిస్ అయినా ఆస్టిన్ అయినా సరే, దాని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ముందు కాగితం మీద రాసుకోండి. పీకిన ప్రతి బోల్టూ ఒక డబ్బాలో వేసి ఉంచండి. తుక్కువాడు వచ్చి ఎంతిస్తానన్నా, దయచేసి ఆ ఇంజనును అమ్మకండి.