బ్యాంకుద్యోగుల నిష్క్రమణేచ్ఛ: ఒక విమర్శ

బ్యాంకుద్యోగి కొలువు విడువనేల తలపెట్టును? ఈ విషయమున వెలువడు పరిశోధన వ్యాసములలో పెక్కింటి నడక ఒక్కటియే. జీతము, పనిభారము, పై అధికారి ప్రవర్తన, పదోన్నతి అని కారణములను వరుసగ పేర్కొని, ప్రశ్నావళి పంచి, వచ్చిన అంకెలనుబట్టి బలమైన కారణమేదియో నిర్ణయింతురు. ఈ శ్రమ వ్యర్థమని నేననను. కాని ఇందొక ముఖ్యాంశము లోపించుచున్నది.

1958లో జేమ్స్ మార్చ్, హెర్బర్ట్ సైమన్ అను పండితులు నిష్క్రమణకు రెండు మూలములను చూపిరి. విడువవలెనను కోరిక మొదటిది. విడిచిపోవుటకుగల సౌలభ్యము రెండవది. ప్రశ్నావళులు మొదటిదానిని కొలుచును. రెండవదానిని తరచుగ విస్మరించును.

సౌలభ్యమును నిబంధనలే నిర్ణయించును. ప్రభుత్వ బ్యాంకులలో పెక్కింట 1995లో వచ్చిన పింఛను నిబంధనల ననుసరించి రాజీనామా యిచ్చినవాని గతసేవ పింఛనుకు లెక్కకు రాదు. ఇరువదియేండ్లు నిండినవానికి స్వచ్ఛంద విరమణ కలదు. పదునెనిమిదేండ్లు పనిచేసినవాడు "విడువను" అనినచో అది తృప్తియా, గణితమా?

బీదరును చూడుడు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రముననుండిన ఈ జిల్లాలో కన్నడము, తెలుగు, మరాఠీ, ఉర్దూ వినబడును. 1941 నాటి చట్టముచే ఏర్పడి ఆ రాష్ట్రమునకు సేవచేసిన బ్యాంకు, తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అను పేరు దాల్చి, 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకున విలీనమైనది. నాటి ఉద్యోగులకు బల్ల మారకయే సంస్థ మారెను. ఇట్టి మార్పు మనసుపై వేయు ముద్రను జీతమునుగూర్చిన ప్రశ్న పట్టజాలదు. పెద్ద నగరమునవలె వేరు కొలువులు దొరకని చోట, విసిగినవాడు రాజీనామాకు మారుగ బదిలీకి అర్జీ పెట్టుకొనవచ్చును. ఆ అర్జీని లెక్కింపని పరిశోధన సగమే సత్యము చెప్పును.

ప్రైవేటు బ్యాంకుల స్థితి వేరు. అచ్చట మూడేండ్ల సగటు నిష్క్రమణ నూటికి సుమారు 25 అని రిజర్వు బ్యాంకు 2024 డిసెంబరు నివేదికలో తెలిపినది. ఒకచోట ద్వారము తెరచియున్నది, వేరొకచోట మూసియున్నది. రెండుచోట్లను ఒకే ప్రశ్నావళితో కొలిచి, పోయినవారు తక్కువైనచోట సుఖము కలదనుట తర్కము కాదు.

ఇది పండితుల వాదము మాత్రమే కాదు. కంది పైరుకు అప్పు కోరివచ్చిన రైతు తన భాష, తన భూమి తెలిసిన గుమాస్తాను వెదకును. ఆ గుమాస్తా వెడలిపోయినను, మనసు లేక మిగిలియున్నను, నష్టము రైతుదే. కావున పరిశోధకులు "ఏల విడువగోరుచున్నావు?" అని అడిగి ఊరకుండక, "ఏల విడువలేకున్నావు?" అనియు అడుగవలెను. యాజమాన్యములు ఉద్యోగుల మౌనమును సమ్మతిగ నెంచరాదు.