చిన్న డబ్బాలో పిండి

మా అమ్మమ్మ ఇంట్లో సున్నిపిండి రెండు డబ్బాల్లో ఉండేది. పెద్ద డబ్బాలోది ఒంటికి. చేత్తో తీసుకుంటే గరగరలాడేది. చిన్న డబ్బాలోది ముఖానికి. పెసరపప్పు విసిరి, జల్లెడ పట్టి, ఆ పిండిని మళ్ళీ పాత నేతచీర ముక్కలో పోసి జల్లించేది అమ్మమ్మ. వేళ్ళ మధ్య పెట్టి నలిపితే పుప్పొడిలా జారిపోయేది. ఆ రెండో జల్లింపుకి ఒక మధ్యాహ్నమంతా పట్టేది. ఎందుకింత శ్రమ అని అడిగితే, "ముఖం ఇత్తడి చెంబు కాదే, తోమడానికి" అనేది.

ఆ మాట నాకు పదహారో ఏట తెలిసొచ్చింది. బుగ్గల మీద మొటిమలు లేచాయి. ఎవరూ చూడకుండా పెద్ద డబ్బాలో పిండి తీసి, నిమ్మరసం కలిపి, కసితీరా రుద్దుకున్నాను. మూడు రోజులు ముఖం మండింది. మొటిమలు చితికిన చోట పడ్డ నల్లమచ్చలు ఏడాది దాకా పోలేదు. అమ్మమ్మ నన్ను తిట్టలేదు. చల్లటి నీళ్ళలో ముంచిన గుడ్డ బుగ్గల మీద వేసి, "ఇంక నెల్లాళ్ళు దాన్ని ముట్టుకోకు" అంది.

మొటిమ మురికి వల్ల రాదు. ఇది ముందు ఒప్పుకుంటే సగం బాధ తగ్గుతుంది. ఈడొచ్చే వయసులో ఒంట్లో ఆండ్రోజెన్ హార్మోన్లు పెరుగుతాయి. వాటి ప్రేరణతో చర్మం కింది తైలగ్రంథులు ఎక్కువ జిడ్డు ఊరిస్తాయి. అదే సమయంలో వెంట్రుక కుదుట్లో రాలాల్సిన మృతకణాలు రాలకుండా ఒకదానికొకటి అంటుకుని బిరడాలా బిగుసుకుంటాయి. ఆ బిరడా వెనక జిడ్డు నిలిచిపోతుంది. మన చర్మం మీద ఎప్పుడూ ఉండే ఒక బాక్టీరియా అక్కడ పెచ్చుపెరుగుతుంది, ఒళ్ళు దాని మీద తిరగబడుతుంది. ఆ ఎరుపూ వాపూ నొప్పీ అందువల్లే. ముక్కు మీద కనిపించే నల్లటి చుక్క కూడా మురికి కాదు, గాలి తగిలి రంగు మారిన ఆ బిరడాయే. పన్నెండు నుంచి ఇరవై నాలుగేళ్ళ లోపు వాళ్ళలో సుమారు 85 శాతం మందికి ఎంతో కొంత మొటిమలు వస్తాయని వైద్యుల లెక్క. అది ఏ పిల్ల తప్పూ కాదు, ఏ పిల్లాడి అశుభ్రతా కాదు.

సుశ్రుతుడు దీన్ని ముఖదూషిక అన్నాడు. పడుచువాళ్ళ ముఖాన వచ్చేదనీ, బూరుగు ముల్లులా ఉంటుందనీ వర్ణించాడు. బూరుగు మాను మీద ముల్లు చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత నిక్కమో తెలుస్తుంది: అడుగున వెడల్పు, మొనదేలిన కొస, కిందంతా గట్టితనం. ఈ ముల్లు వేళ్ళు లోపల ఉన్నాయి. పైన ఎంత రుద్దినా అవి ఊడిరావు. రుద్దితే చర్మం పైపొర చిరుగుతుంది, వాపు పెరుగుతుంది. మనలాంటి చామనచాయ ఒళ్ళకి ఆ వాపు తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది. మొటిమ వారంలో పోవచ్చు, మచ్చ మాత్రం నెలల తరబడి ఉంటుంది.

అందుకే చిన్న డబ్బా నాకంత గొప్పదనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చర్మం కొద్దిగా ఆమ్లంగా, పీహెచ్ 5కి అటూ ఇటూగా ఉంటుంది. మామూలు స్నానపు సబ్బు 9, 10 దగ్గర ఉంటుంది. రోజుకి నాలుగుసార్లు సబ్బుతో కడిగితే ముఖం బిగుసుకుని పొరలు రేగేది ఆ క్షారం వల్లే. పెసరపిండిలో ఆ క్షారం లేదు. అందులోని పిండిపదార్థం, మాంసకృత్తులు జిడ్డుని పీల్చుకుంటాయి. కుంకుడుకాయకి నురగ తెచ్చే సపోనిన్లు పెసల్లో కూడా కాస్త ఉన్నాయి. పైపై జిడ్డుని తీసి లోపలి తడిని వదిలేసే గుణం దానిది. మెత్తగా జల్లించినప్పుడే సుమా.

మనం మరిచిపోయింది ఇంకొకటి ఉంది. భోగినాడో, దీపావళికి ముందు నరక చతుర్దశినాడో, పెళ్ళికూతుర్ని చేసేటప్పుడో నలుగు పెడతారు. ముందు నువ్వులనూనె, తర్వాత సున్నిపిండి. పిండి రాపిడి చర్మానికి తగలకుండా నూనె అడ్డుంటుంది. నూనె మిగిలిపోకుండా పిండి తీసేస్తుంది. అవి రెండూ జంట. పైగా అది వారానికోసారో, పండగకోసారో జరిగేది. ఇవాళ మనం నూనె మానేశాం, పిండిని మాత్రం రోజూ పొడి ముఖం మీద రుద్దుతున్నాం. అది సంప్రదాయం కాదు, దాంట్లో సగం. మొటిమల ముఖానికి నూనె పడదు కాబట్టి, రుద్దడం కూడా మానుకోవాలి. ఆ ముఖానికి సున్నిపిండి నలుగు కాదు, పూత.

పద్ధతి చెబుతాను. పెసరపిండి ఒక చెంచా. పెరుగు మీద తేలిన తేటతో గానీ, ఉత్త నీళ్ళతో గానీ జారుగా కలపాలి. ముఖం తడిపి, వేళ్ళ కొసలతో అద్దినట్టు పూయాలి. రెండు మూడు నిమిషాలు చాలు. ఎండి పెళుసుబారేదాకా ఉంచితే కడిగేటప్పుడు రుద్దాల్సి వస్తుంది, చేసినదంతా పోతుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తటి తువ్వాలుతో అద్దాలి. వారానికి రెండుసార్లు. మిగతా రోజుల్లో పొద్దునా రాత్రీ గాఢత తక్కువున్న ఫేస్‌వాష్‌తో గానీ నీళ్ళతో గానీ కడిగితే సరి. కలిపిన పిండి మర్నాటికి దాచకూడదు. పొడి పిండిని కూడా కొద్దికొద్దిగా పట్టించుకుని, తడి చెయ్యి తగలనివ్వకుండా వాడుకోవాలి, బూజు పట్టిన పిండి ముఖానికి పనికిరాదు. మొదటిసారి చెవి వెనక రాసి ఒక రోజు చూడండి, పప్పులు పడని ఒళ్ళూ ఉంటాయి.

డబ్బాలో ఏం వెయ్యకూడదో కూడా తెలియాలి. పెద్ద డబ్బాలో కచ్చూరాలు, వట్టివేరు, తుంగముస్తలతోపాటు బావంచాలు కూడా పడేవి. బావంచాల్లో సోరాలెన్ ఉంటుంది. అది తగిలిన చర్మం ఎండకి త్వరగా కమిలి నల్లబడుతుంది. బొల్లి వైద్యంలో బావంచాలు వాడేది ఆ గుణం కోసమే. మచ్చలు పోవాలనుకునే ముఖానికి అవి శత్రువు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, ముఖాన పిండుకునే వస్తువు కాదది. మిరియం అరగదీసి మొటిమ మీద పెట్టడం, టూత్‌పేస్టు రాయడం కాల్చుకోవడమే. పసుపు మంచిదే, చిటికెడు చాలు. కానీ విడిగా అమ్మే పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ లాంటివి కలిపిన ఉదంతాలున్నాయి. పసుపుకొమ్ము తెచ్చి సాన మీద అరగదీసుకోవడం మేలు.

సాన అంటే గుర్తొచ్చింది, మా ఇంట్లో తిరుపతి నుంచి తెచ్చిన ఎర్రచందనం బొమ్మ ఒకటి ఉండేది. శేషాచలం కొండల చెట్టు అది. ఎవరికి ఎక్కడ వాచినా ఆ బొమ్మ వీపు సాన మీద నీళ్ళతో అరగదీసి పట్టువేసేవారు. ఎర్రటి పచ్చి మొటిమ మీద ఆ పట్టు చల్లగా ఉండేది. నాకు తెలిసి దాని పెద్ద మేలు ఇంకొకటి: పట్టు ఉన్నంతసేపూ గోళ్ళు అటు వెళ్ళవు. కలబంద గుజ్జు కూడా అలా చల్లబరిచేదే. అయితే ఆకు కోశాక కారే పసుపు సొనను పూర్తిగా ఓడనివ్వాలి, అది చర్మాన్ని రేపుతుంది.

తలకి నూనె రాసుకుని పడుకునే అలవాటున్నవాళ్ళు నుదుటి మీద వరసగా లేచే చిన్న మొటిమల్ని ఓసారి గమనించండి. ఆ నూనె జారి కుదుళ్ళు మూసుకుంటాయి. దిండు గలీబు వారానికోసారైనా మార్చాలి.

ఇక తిండి. ఆవకాయ వల్ల మొటిమలని మనవాళ్ళంటారు. కారం మీద వేసిన ఆ నిందకి గట్టి ఆధారం లేదు. చక్కెర మీద మాత్రం ఉంది. పపువా న్యూ గినీలోని కిటావా దీవిలో దాదాపు 1200 మందిని పరీక్షించిన వైద్యులకి ఒక్క మొటిమ కూడా కనిపించలేదని 2002లో అచ్చయిన అధ్యయనం చెప్పింది. వాళ్ళ తిండి దుంపలు, చేపలు, కొబ్బరి, పళ్ళు. 2007లో మెల్‌బోర్న్ పరిశోధకులు 43 మంది కుర్రాళ్ళని తీసుకుని, కొందరికి 12 వారాలు రక్తంలో చక్కెరను మెల్లగా పెంచే తిండి పెట్టారు. మిగతావాళ్ళకంటే వాళ్ళ మొటిమలు బాగా తగ్గాయి. బరువు కూడా తగ్గారు కాబట్టి మేలు దేనిదెంతో విడదీయడం కష్టమే. అయినా కారణం అర్థమయ్యేదే: చక్కెర ఒక్కసారి ఎగస్తే ఇన్సులిన్ ఎగస్తుంది, దాని వెంట జిడ్డు ఊరడమూ పెరుగుతుంది.

అంటే అన్నం మానమని కాదు. గుట్టగా పెట్టుకునే తెల్లన్నాన్ని సగం చేసి, ఆ చోట పప్పూ కూరా పెంచితే చాలు. జొన్నరొట్టె, కొర్రన్నం, పెసరట్టు. ముఖానికి పూసే పెసలే కంచంలోకి కూడా వస్తాయి, నాకు అందులో ఏదో తృప్తి ఉంది. నేను గట్టిగా వద్దనేది రోజుకి నాలుగు తీపి టీలూ, బిస్కెట్లూ, కూల్‌డ్రింకులూ. పాలకీ మొటిమలకీ, ముఖ్యంగా వెన్న తీసిన పాలకీ, సంబంధం ఉందని కొన్ని అధ్యయనాలు చూపాయి. పెరుగుతో అది స్పష్టంగా కనబడలేదు. జిమ్‌కి వెళ్ళే అబ్బాయిలు వే ప్రొటీన్ పొడి మొదలుపెట్టాక వీపు నిండా మొటిమలు లేస్తే, ముందు ఆ డబ్బానే అనుమానించాలి.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ హాస్టల్ నుంచి మా మేనకోడలు వచ్చింది. ముఖం ఎర్రగా, పల్చగా, నరాలు కనిపించేట్టు ఉంది. స్నేహితురాలు చెప్పిందని మందుల షాపులో తెల్లబడే క్రీము కొని నాలుగు నెలలు రాసిందట. ట్యూబు మీద చదివితే స్టిరాయిడ్ పేరుంది. మొదట్లో ముఖం మెరిసింది, మానగానే మొటిమలు రెట్టింపయ్యాయి. ఇలాంటి పూతమందుల్లో చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం కట్టడి చేసింది. అయినా అవి పిల్లల చేతికి దొరుకుతూనే ఉన్నాయి. ఎంత జల్లించిన పిండయినా ఆ ముఖాన్ని బాగుచెయ్యలేదు. గడ్డల్లా లోతుగా వచ్చే మొటిమలు, గుంటలు పడేవి, నెలసరి తప్పుతూ గడ్డం మీద వెంట్రుకలతో వచ్చేవి, ఇవన్నీ చర్మవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళాల్సినవే. మేమూ వెళ్ళాం. డాక్టరుగారు రాత్రికి ఒక మందు రాసిచ్చి, ఎనిమిది వారాల దాకా ఓపిక పట్టమన్నారు. సున్నిపిండి సంగతి అడిగితే, "చర్మం కుదుటపడేదాకా ఆగండి, తర్వాత రుద్దకుండా వాడితే ఫర్వాలేదు" అన్నారు.

పండగ వెళ్ళాక పెరట్లో కూర్చుని ఇద్దరం పిండి జల్లించాం, బావంచాలు లేకుండా. మొదట్లో దానికీ విసుగే వచ్చింది. ఫోను పక్కన పెట్టి, గుడ్డ మీద చెయ్యి తిప్పుతూ, కింద రాలుతున్న పిండిని చూస్తూ మెల్లగా నెమ్మదించింది. చిన్న సీసాలో పోసి ఇచ్చి, ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరుగారినే అడగమన్నాను. మొన్న మే నెలలో ఫోన్ చేసింది.

"అత్తా, పిండి అయిపోయింది. ఈసారి పెసరపప్పు నేనే ఇక్కడ పట్టిస్తాను. ఆ పాత చీర ముక్క ఉందే, అది పంపు."