పగులును దాచని వడ్రంగి

చెక్కలో పగులు కనిపిస్తే లప్పం పెట్టి పాలిష్ కొట్టేయడం మామూలే. జార్జ్ నకషిమా మాత్రం ఆ పగులుకు అడ్డంగా గట్టి చెక్కముక్క ఒకటి పొదిగి, అందరికీ కనబడేలా బల్ల మీదే వదిలేసేవారు. అమెరికన్ ఫర్నిచర్ చరిత్రలో ఆయనకు చోటు దక్కించిన పనితనం అది.

వడ్రంగం ఆయన కులవృత్తి కాదు. 1905లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో జపనీస్ కుటుంబంలో పుట్టారు. ఎం.ఐ.టి.లో ఆర్కిటెక్చర్ చదివారు. టోక్యోలో ఆర్కిటెక్ట్ ఆంటొనిన్ రేమండ్ దగ్గర చేరి, ఆయన తరఫున అరవిందాశ్రమంలో వసతిగృహం కట్టించడానికి పుదుచ్చేరి వచ్చారు. దానికి విరాళం హైదరాబాద్ దివాన్ సర్ అక్బర్ హైదరీ ద్వారా అందింది. అందుకే ఆ భవనం ‘గోల్కొండ్’ అయింది. అక్కడే నకషిమా సాధకుడై సుందరానంద అన్న పేరు పొందారు. పనే సాధన అన్న మాట ఆ తర్వాత జీవితమంతా ఆయన వెంటే ఉంది.

1942లో యుద్ధం పేరు చెప్పి అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్నవారిని నిర్బంధించినప్పుడు, అప్పటికి అమెరికా తిరిగివచ్చిన నకషిమా కుటుంబాన్ని ఐడాహోలోని మినిడోకా శిబిరానికి పంపారు. అక్కడ గెంటారో హికోగావా అనే వడ్రంగి ఆయనకు గురువయ్యారు. జపాన్ రంపం, చిత్రిక మన వైపుకు లాగితేనే తెగుతాయి. ఆ పట్టూ, మేకు లేకుండా అతుకు బిగించే నేర్పూ శిబిరంలోనే చేతికి వచ్చాయి. మరుసటి ఏడు రేమండ్ పూచీతో విడుదలై, పెన్సిల్వేనియాలోని న్యూహోప్‌లో స్థిరపడ్డారు.

ఆయన డిజైన్ కోతమిల్లులోనే మొదలయ్యేది. దుంగను ఎటు తిప్పి కోయించాలో దగ్గరుండి చెప్పేవారు. కోసిన పలకలను అదే వరుసలో పేర్చి, మధ్యమధ్య గాలాడేలా పుల్లలు పెట్టి ఆరబెట్టేవారు. అంగుళం మందానికి సుమారు ఏడాది అన్నది అమెరికా వడ్రంగుల పాత లెక్క. ఆరాక కూడా పలక అంచును తిన్నగా కోయించేవారు కాదు. చెట్టు పెరిగిన వంపు బల్లకు అంచుగా మిగిలేది.

పగులుకు వేసే ముక్క సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది: రెండు కొసలు వెడల్పు, నడుము సన్నం. నడుము సరిగ్గా పగులు మీద కూర్చుంటుంది. ముక్క పోగులు పగులుకు అడ్డంగా ఉండాలి. చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది గానీ నిలువునా దాదాపు మారదు. అందువల్ల పలక ఎంత లాగినా వెడల్పైన కొసలు గాడిలోంచి కదలవు. గాడి వెంట్రుకవాసి వదులైనా ఆ పట్టు ఉండదు కాబట్టి, ముక్కను పలక మీద పెట్టి చుట్టూ గీత గీసి, గీత దాటకుండా ఉలితో తొలచాలి.

చూడ్డానికి సులువనిపించే ఈ శైలికి నకళ్లు చాలా వచ్చాయి. పచ్చి పలక వంపును అలాగే ఉంచి, మెరుగు పూసి అమ్మేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. అలాంటి బల్ల ఒక్క ఎండాకాలానికే వంకర తిరుగుతుంది. నకషిమా పనిలో విలువ రూపానిది కొంతే; ఆరబెట్టిన ఏళ్లది, పగులు నడక చదివిన కంటిది ఎక్కువ. ఈసారి ఇంటికి బల్ల చేయించుకుంటే, కర్ర కోసి ఎన్నాళ్లయిందో ముందు అడగండి. డిజైన్ సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు.